తేనెటీగల రంగుల గుర్తింపు

రంగు, వాసన వంటి రెండు ఉద్దీపనల మధ్య తేడాను జీవి అనుభవం ద్వారా పట్టుకోవడాన్ని విచక్షణా అభ్యసనం అంటారు. దీన్ని తేనెటీగల్లో పకడ్బందీగా పరీక్షించినవాడు ఆస్ట్రియాలో పుట్టిన కార్ల్ ఫాన్ ఫ్రిష్. తేనెటీగలకు రంగులు తెలియవని, వెలుగులో హెచ్చుతగ్గులే తెలుస్తాయని నేత్రవైద్యుడు కార్ల్ ఫాన్ హెస్ అప్పట్లో గట్టిగా వాదించేవాడు. ఫ్రిష్ 1914లో ప్రచురించిన ప్రయోగాలు ఆ వాదాన్ని తిప్పికొట్టాయి.

లేత నుంచి ముదురు దాకా రకరకాల బూడిదరంగు అట్టముక్కలను బల్లమీద వరుసల్లో పేర్చి, వాటి నడుమ ఒక నీలం ముక్క ఉంచాడు. అన్నిటి మీదా చిన్న గాజుగిన్నెలు పెట్టినా, చక్కెర నీళ్లు మాత్రం నీలం మీది గిన్నెలోనే. చోటును బట్టి గుర్తుపెట్టుకోకుండా ముక్కల స్థానాలు మారుస్తూ వచ్చాడు. తరువాత అన్నీ ఖాళీ గిన్నెలే పెట్టినా తేనెటీగలు నీలం మీదే మూగాయి. ఇంత సాదా సామగ్రితో ఇంత పెద్ద ప్రశ్నను తేల్చడం అపురూపం. వెలుగే ఆధారమైతే, నీలంతో సమానంగా కనిపించే ఏదో ఒక బూడిదరంగు దగ్గర అవి పొరబడాలి. అయితే ఎరుపుకు అలవాటు చేసినవి నలుపు, ముదురు బూడిద ముక్కల మీదా వాలాయి; అంటే ఎరుపును అవి వేరే రంగుగా గుర్తించలేవు. మనకు కనిపించని అతినీలలోహిత కాంతిని మాత్రం తేనెటీగలు చూడగలవు.

శిక్షణ తీరును బట్టి కూడా ఫలితం మారుతుంది. ఒకే రంగు దగ్గర తీపి రుచి చూసిన తేనెటీగ దానికి దగ్గరి ఛాయలను తరచు వేరుచేయలేదు. తీపి దొరికే రంగుతో పాటు దొరకని రంగునూ చూపిస్తే చాలా సన్నని తేడాను సైతం పట్టుకుంటుంది.