ఒక్క ఇల్లూ మిగలకుండా: గంజాం పల్లెల్లో నీటి నిబంధన

గంజాం జిల్లా 1936లో ఒడిశాలో కలిసేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉండేది. 1866 నాటి కరువు ఈ సీమను పీల్చి పిప్పిచేసిన తరువాత, 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో ప్రభుత్వం ఋషికుల్య నీటిపారుదల పథకాన్ని చేపట్టి, సొరడ వద్ద, నాటి రస్సెల్‌కొండ అయిన భంజనగర్ వద్ద జలాశయాలు కట్టించింది. ఆ పథకం పల్లపు పొలాలను తడిపింది గాని, కొండవాలుల్లోని ఖోండు, సవర గూడేల తాగునీటితోను, ఊరికి ఎడంగా ఉండే దళితవాడల తాగునీటితోను దానికి నిమిత్తం లేకపోయింది. పన్ను కట్టే పొలం కనిపించినంతగా కడవ మోసే మనిషి ఆనాటి ఇంజనీర్లకు కనిపించలేదు.

ఆ మనిషిని లెక్కలోకి తెచ్చిన ప్రయత్నం మరో శతాబ్దానికి గాని రూపుకట్టలేదు. 1971 తుపాను సహాయం కోసం జో మడియత్ నాయకత్వంలో మద్రాసు నుంచి ఒడిశాకు వచ్చిన విద్యార్థి బృందంలో కొందరు అక్కడే నిలిచిపోయి, 1976లో గంజాంకు చేరి, 1979లో ‘గ్రామ్ వికాస్’ సంస్థను స్థాపించారు. బరంపురానికి చేరువలోని మొహుడా దాని కేంద్రమైంది. పాలు పితికే అలవాటే లేని గిరిజనుల నడుమ పాడి పరిశ్రమను నెలకొల్పబోవడంతో వారి తొలి యత్నం ఫలించలేదు.

1980లలో సంస్థ గోబర్ గ్యాస్ వైపు, అనగా పేడను నీటితో కలిపి గాలి చొరని తొట్టిలో పులియబెట్టి, వెలువడే వాయువును పొయ్యికి వాడుకునే పద్ధతి వైపు మళ్లింది. దశాబ్ద కాలంలో ఒడిశా అంతటా 50 వేలకు పైగా ఇటువంటి యూనిట్లు కట్టించడం సాంకేతికంగా ఘనవిజయమే. అయితే గొడ్లున్న ఇంటికే ఆ మంట దక్కుతుంది గనుక, పశువులు లేని కూలికుటుంబం యథాప్రకారం కట్టెల పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

1992లో సంస్థ ఐదు గ్రామాల్లో మొదలుపెట్టిన గ్రామీణ ఆరోగ్య, పర్యావరణ కార్యక్రమం ఈ లోపాన్ని సరిదిద్దే నిబంధన పెట్టింది: ఊళ్లోని ప్రతి కుటుంబమూ, కులమేదైనా, ఒప్పుకుంటేనే మరుగుదొడ్ల, కుళాయి నీటి పని మొదలవుతుంది. కుటుంబానికి సగటున వెయ్యి రూపాయల చొప్పున, ఉన్నవారు ఎక్కువ, లేనివారు తక్కువ వేసుకొని ఒక మూలనిధి కూడబెట్టాలి. దాన్ని బ్యాంకులో ఉంచి, వేరుపడ్డ కొత్త కాపురాలకు మరుగుదొడ్డి, స్నానాలగది కట్టడానికి వడ్డీని వాడాలి. రాయి, ఇసుక, ఇటుక, కూలి ఇంటివారివి. రెండు గోతుల మరుగుదొడ్డిలో ఒక గొయ్యి నిండగానే రెండోదాన్ని వాడుతూ, మొదటిది ఎరువుగా మారేదాకా వదిలేస్తారు. అందరి మరుగుదొడ్లు, స్నానాలగదులు పూర్తయ్యాకే నీరు వదులుతారు. ప్రతి ఇంటికీ మరుగుదొడ్డిలో ఒకటి, స్నానాలగదిలో ఒకటి, వంటింట్లో ఒకటిగా మూడు కుళాయిలు. కొండ ఊళ్లలోనైతే ఎత్తున ఉన్న ఊట నుంచి గొట్టాల్లో పల్లానికి పారే నీటికి కరెంటు మోటారు అవసరం కూడా లేదు.

ఈ ఏర్పాటులో సాహసం గొట్టాల్లో కాదు, వాటి అమరికలో ఉంది. బావి దగ్గర అంటు పాటించిన కులాలకు ఒకే ట్యాంకు నీరు, ఒకే వేళ, ఒకే ఒత్తిడితో అందడం సంస్కరణ ప్రసంగాలు సాధించలేని పని. మొండికేసిన ఒక్క ఇంటి కోసం ఊరంతా నెలల తరబడి ఆగాలి గనుక ఇందులో బలవంతపు ఛాయ లేకపోలేదు. కాని ఆ మొండితనాన్ని కరిగించే బరువు, ఇన్నాళ్లూ పేదల మీదనే పడినది, ఇప్పుడు పైకులాల మీదా పడింది. నీళ్లు మోసే ఆడవారికి ఈ బేరంలోని లాభం చప్పున బోధపడింది. గ్రామ కమిటీల్లో వారికి మగవారితో సమానంగా స్థానాలు కేటాయించారు. కార్యక్రమం కాలక్రమంలో వెయ్యికి పైగా గ్రామాలకు విస్తరించింది. అదే కాలపు ప్రభుత్వ పథకాలు మాత్రం కట్టిన మరుగుదొడ్లను లెక్కపెట్టాయే గాని, వాటిలోకి నీరెక్కడిదని అడగడం తరచు మరిచాయి.

నేటి చిక్కు వేరు. గంజాం యువకులు పెద్దసంఖ్యలో సూరత్ మరమగ్గాలకు వలసపోతుండగా, పంపు చెడితే బాగుచేసే చేతులు, కమిటీలో కూర్చునే మనుషులు ఊళ్లో తగ్గుతున్నారు. సిమెంటు ధర పెరిగిన కొద్దీ 1990ల నాటి మూలనిధి వడ్డీ చాలడం కష్టమవుతుంది. సంస్థ వలస కార్మికులతో కూడా పనిచేయవలసి రావడం ఈ కారణంగా అర్థమవుతుంది: ఊరి నీటి ఖర్చుకు రావలసిన డబ్బు ఇప్పుడు ఊరి బయట సంపాదన మీద ఆధారపడి ఉంది.