పొగగా పోయిన బలం

ఆదోనికి రైలుంది, ఎమ్మిగనూరుకు లేదు. రెండు ఊళ్ళ మధ్య ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూగా దూరం. 1871లో మద్రాసు రైల్వే లైను రాయచూరు చేరి, బొంబాయి నుంచి వచ్చిన లైనుతో కలిసింది. ఆ దారిన పడిన ఆదోని పత్తి వర్తకంతో పెరిగి 'రెండో బొంబాయి' అనిపించుకొంది. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప ఆధ్వర్యంలో చేనేతకారుల సహకార సంఘం వెలిసింది. ఆ మగ్గాలకు పొగ లేదు, ఇంజనూ లేదు. కానీ నూలు రావాలన్నా, నేసిన దుప్పటి పోవాలన్నా బండి కావాలి, తరువాతి కాలంలో లారీ కావాలి. నల్లరేగడిలో పండిన పత్తీ, శనక్కాయలూ ఆదోని యార్డుకు చేరడానికీ అదే గతి. కనుక ఈ సీమ ఆధునిక చరిత్రను ఇంజనుల చరిత్రగా కూడా చదువుకోవచ్చును. అందులో నన్ను ఆకర్షించినది ఒకే పాయ: ఇంజను నుంచి మరింత బలం పిండుకోవాలన్న ఆశకూ, పొగను కొలిచే చట్టానికీ నడుమ సాగిన దాగుడుమూతలు.

ముందుగా ఒక చిన్న లెక్క. కిలో డీజిలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.5 కిలోల గాలి కావాలి. డీజిలింజనులో ఇంధనమూ గాలీ సమంగా కలిసే వ్యవధి ఉండదు కనుక అంతకంటె చాలా ఎక్కువ గాలి ఉంటే తప్ప నల్లపొగ ఆగదు. డీజిలు ఎంతైనా పోయవచ్చు, పంపు పోస్తుంది. గాలిని మాత్రం సిలిండరు ఎంత పీల్చగలిగితే అంతే. కాబట్టి నల్లపొగ బలానికి గుర్తు కాదు, బలం కాకుండా పోయిన డీజిలుకు గుర్తు. 'బండి పొగ కక్కుతోందంటే లాగుతోందని అర్థం' అనే నమ్మకం మాత్రం మన రోడ్ల మీద ఎన్ని దశాబ్దాలు బతికిందో! అందులో సగం నిజం లేకపోలేదు. కొద్దిగా పొగ వచ్చేదాకా డీజిలు పెంచితే బలం కూడా కొంత పెరుగుతుంది. ఆ గీత దాటాక పెరిగేది ఖర్చూ, మసీ, ఇంజను వేడీ.

గాలిని బలవంతంగా లోపలికి తోస్తే? ఈ ఆలోచన మోటారు కారు కంటె పాతది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఉన్ని మిల్లు నడిపిన రూట్స్ సోదరులు 1860లో ఒక గాలి యంత్రానికి పేటెంటు పొందారు. గనులకూ ఇనుము కరిగించే కొలుములకూ గాలి కొట్టిన ఆ యంత్రమే తరువాత కారు ఇంజను మీదికెక్కి సూపర్‌ఛార్జరు అయింది. (నేతమిల్లు ఇంట పుట్టిన యంత్రమని తెలిసినప్పుడు ఎమ్మిగనూరు గుర్తుకు రావడం సహజమే కదా.) 1921లో బెర్లిన్ ప్రదర్శనలో మెర్సిడెస్ సంస్థ సూపర్‌ఛార్జరు కార్లను చూపింది. దీనిని తిప్పేది ఇంజనే గనుక పెడలు నొక్కగానే గాలి వస్తుంది, కాని తిప్పడానికి కొంత బలం ఖర్చవుతుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే మరో దారి చూపాడు: బయటికి పోయే పొగ వేగంతోనే చక్రం తిప్పి, ఆ చక్రంతో గాలి తోయించడం. అదే టర్బో. వృథాగా పోయేదానితో పని చేయించుకొనే ఈ ఉపాయంలో ఒక లోపముంది. పొగ పెరిగితే గాని చక్రం వేగం అందుకోదు, చక్రం వేగం అందుకొంటే గాని గాలి రాదు. ఆ నడుమ క్షణాలలో డీజిలు ముందూ గాలి వెనుకా అవుతాయి.

ఆ క్షణాలను ఆదోని స్టేషను చాలా ఏళ్ళు కళ్ళారా చూసింది. 1962లో అమెరికా నుంచి వచ్చి, 1964 నుంచి వారణాసిలో తయారైన ఆల్కో డీజిలు ఇంజను, రైల్వే వారి లెక్కలో డబ్ల్యూడీఎం-2, పదహారు సిలిండర్ల టర్బో యంత్రం. 2600 గుర్రాల బలం. కదిలే సమయంలో డ్రైవరు ఒక్కో నాచ్ పెంచేకొద్దీ నల్లని మేఘం లేచేది. టర్బో అందుకోగానే పలచబడేది. మనలో చాలామంది ఆ మేఘాన్ని రైలు ఠీవి అనుకొన్నాం. నిజానికది గాలి కోసం ఇంజను పడిన అవస్థ.

లారీల దగ్గరికి వస్తే కథ మరింత చిక్కబడుతుంది. 1954 నుంచి జెంషెడ్‌పూరులో తయారైన టాటా-బెంజి లారీలకు గానీ, ఆ తరువాతి 1210కి గానీ గాలి తోసే ఏర్పాటు లేదు. పేరులోని మొదటి రెండంకెలు మోయగల మొత్తం బరువును టన్నులలోనూ, చివరి రెండంకెలు గుర్రాల బలాన్ని పదులలోనూ సుమారుగా తెలిపేవి. కాగితం మీద పన్నెండు టన్నులు. రోడ్డు మీద ఎంతో అందరికీ తెలిసిందే. బరువు పెరిగినా ఇంజను పెరగదు. మిగిలిన దారి ఒక్కటే, పంపు. డీజిలు పంపులో గరిష్ఠ మోతాదును అడ్డగించే ఒక చిన్న స్క్రూ ఉంటుంది. కంపెనీ దానిని సరిచేసి సీసపు సీలు వేసేది. సీలు తెంచి స్క్రూను కొద్దిగా తిప్పితే బండి 'లాగేది'. 1951లో బెంగుళూరులో స్థాపితమైన మైకో సంస్థ పంపులు దేశమంతా వ్యాపించాక డీజిలు పంపు మరమ్మతు ఒక ప్రత్యేక వృత్తి అయింది. పంపును బల్ల మీద బిగించి, ఒక్కో నాజిలు నుంచి గాజుగొట్టంలో పడే డీజిలును కొలిచి సమం చేసే ఆ పనివాడిని నేను కళాకారుడిగానే లెక్కిస్తాను. చెడు పనికీ మంచి పనికీ ఉపయోగపడింది ఆ ఒక్క నైపుణ్యమే.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమలుకు వచ్చింది. దాని కింద వచ్చిన కేంద్ర నిబంధనలలో 115వది పొగకు హద్దు గీసింది. పెట్రోలు కారు నిలకడ వేగంలో ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడు 3 శాతం మించరాదన్నది అప్పటి హద్దు. స్కూటర్లకూ ఆటోలకూ 4.5 శాతం. డీజిలు బండికి హార్ట్‌రిడ్జ్ కొలమానంలో 65. ఒక గొట్టంలోకి పొగ పంపి అటు నుంచి ఇటు వెలుతురు వేస్తారు. వెలుతురంతా వస్తే 0, ఏమీ రాకుంటే 100. బండి నిలబడే ఉంటుంది. గేరు లేదు, సరుకు లేదు. పెడలును ఒక్కసారిగా అదిమి వదులుతారు, అంతే. అప్పట్లో ఏడాది దాటిన ప్రతి బండికీ ఆరు నెలలకొకసారి ఈ పరీక్ష, ఈ చీటీ ఉండేవి.

ఈ పరీక్షలోని వింత గమనించారా? సరుకుతో గట్టెక్కేటప్పుడు బండి ఏం వదులుతుందో ఎవరూ అడగలేదు. సూపర్‌ఛార్జరు బిగించిన పెట్రోలు కారైనా సరే, నిలకడ వేగంలో అదనపు గాలి దాదాపు ఉండదు కనుక ఈ పరీక్షకు ఆ కారూ మామూలు కారూ ఒకటే. టర్బో లారీకి మాత్రం ఇది ఎదురు తిరిగింది. పెడలు ఒక్కసారిగా అదిమిన క్షణమే టర్బోకు గాలి అందని క్షణం. రోడ్డు మీద శుభ్రంగా నడిచే ఇంజను పరీక్షలో గుప్పుమనవచ్చు. అందుకే మంచి పంపుల మీద ఒక డయాఫ్రమ్ డబ్బా ఉంటుంది. గాలి పీడనం పెరిగేదాకా డీజిలును అది పట్టి ఉంచుతుంది. 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ వారి 5.9 లీటర్ల టర్బో ఇంజనులు లారీలలోకి వచ్చాక బలమూ పెరిగింది, పొగా తగ్గింది. గాలి ముందు, డీజిలు తరువాత అన్న క్రమం పాటించినంత కాలం. 'ఎత్తు మీద వెంటనే లాగడం లేదు' అని ఆ డబ్బాను సడలించిన చోట పాత కథే మళ్ళీ మొదలు.

పరీక్షకు ముందు స్క్రూ బిగించడం, చీటీ చేతికి రాగానే వదలడం... దీనిని పల్లెటూరి తెలివి అని నవ్వి ఊరుకొనే వీలు 2015 తరువాత లేకుండా పోయింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ చేసినదేమిటో బయటపడింది. కారు పరీక్షలో ఉన్నదని కంప్యూటరే పసిగట్టి శుభ్రంగా నడిపేది, రోడ్డెక్కగానే వదిలేసేది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటి 10 లక్షల కార్లు. పానా పట్టిన మెకానిక్కు చేసినదే సాఫ్ట్‌వేరు చేసింది, మనిషి చేయి పడకుండా. కమిన్స్ సంస్థ కూడా రామ్ పికప్ బండ్ల విషయంలో అమెరికా ప్రభుత్వం మోపిన ఇలాంటి ఆరోపణపై, తప్పు ఒప్పుకోకుండానే, 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు 2023 డిసెంబరులో అంగీకరించింది.

ఇక్కడ ఒక ప్రశ్న. బలం పెంచుకోవాలన్న కోరిక నేరమా? కాలిఫోర్నియాలో ఉంటున్న మన తెలుగువారికి దీని జవాబు తెలిసే ఉంటుంది. అక్కడ సూపర్‌ఛార్జరు కిట్టు అమ్మదలచిన సంస్థ అది పొగను పెంచదని గాలి నియంత్రణ బోర్డు ముందు నిరూపించి అనుమతి సంఖ్య పొందాలి. ఆ సంఖ్య ఉంటే రెండేళ్ళకొకసారి జరిగే పరీక్షలో బండి నిలుస్తుంది. 2021 నుంచి కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు మార్చారా అన్నది కూడా చూస్తున్నారు. మన చట్టంలోని 52వ సెక్షను దారి వేరు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదన్నది మూలసూత్రం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే గట్టిగా చెప్పింది, అదే ఏడాది సవరణలో ఆరు నెలల దాకా జైలు లేదా మార్పుకు 5000 రూపాయల జరిమానా చేరాయి. చక్కగా చేసిన మార్పునూ సీలు తెంచిన స్క్రూనూ ఒకే గాటన కట్టే చట్టం మెకానిక్కును నేర్చుకోమనదు, దాచుకోమంటుంది. నా అభిప్రాయం ఇది, కాదనేవారు ఉండవచ్చు.

ఆ పక్క డీజిలు కూడా మారింది. 1996కు ముందు అందులో గంధకం 1 శాతం దాకా ఉండవచ్చు; 2020 ఏప్రిల్ 1న దేశమంతటా వచ్చిన బీఎస్-6లో పది లక్షల భాగాలకు 10. అంతకు మునుపు 2017 మార్చి 29న సుప్రీంకోర్టు బీఎస్-3 బండ్ల అమ్మకాన్ని ఏప్రిల్ 1 నుంచి ఆపింది. మిగిలిపోయిన అలాంటి లారీలను బీఎస్-4గా రిజిస్టరు చేయించారన్న ఆరోపణతో 2020లో పొరుగు అనంతపురం జిల్లాలో కేసులు నడిచాయి. అక్కడ తిప్పినది స్క్రూ కాదు, కాగితం.

ఇదంతా లెక్కల గొడవ కాదు. 2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సరు పరిశోధన సంస్థ డీజిలు పొగను నిశ్చితంగా క్యాన్సరు కారకాల జాబితాలో చేర్చింది. ఆ పొగను ఎక్కువ కాలం పీల్చినది నగరంలోని కారు యజమాని కాదు. యార్డులో లారీ వెనుక నిలబడి బస్తాలూ బేళ్ళూ ఎత్తిన హమాలీ, షెడ్డులో ఇంజను ఆన్ చేసి చెవితో జబ్బు కనిపెట్టిన మెకానిక్కు, పక్కన పానాలు అందించిన కుర్రవాడు.

కొత్త లారీలో ఆ స్క్రూ లేదు. డీజిలు మోతాదును కంప్యూటరు నిర్ణయిస్తుంది, మసిని వడపోత పడుతుంది, కంటికి కనపడని నైట్రోజను ఆక్సైడులను 32.5 శాతం యూరియా ద్రావణం విరిచేస్తుంది. చేనుకు యూరియా దొరక్క వరుసలో నిలబడే రైతు, అదే పేరుగల ద్రవాన్ని లారీ తాగడం చూసి ఏమనుకొంటాడో! గాజుగొట్టాలున్న పాత బల్ల మీదికి ఇప్పుడు పాత లారీల పంపులూ, ట్రాక్టరు పంపులూ వస్తాయి. మిగిలిన పనికి ల్యాప్‌టాప్ కావాలి, దాని తాళంచెవి కంపెనీ దగ్గరుంటుంది.