గుంటూరు, ప్రకాశం మైదానాల్లో వాహన విడిభాగాలు: కర్ర నుంచి ప్లాస్టిక్ రాడ్ వరకు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
– విడిభాగాల తయారీలో కర్ర, లోహం, ప్లాస్టిక్ వరుసగా ఎలా ప్రవేశించాయో వివరించగలుగుతారు.
– ముడిసరుకు లభ్యతకు, స్థానిక పనితనానికి మధ్య ఉన్న సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు.
– ఇంటి లేత్ మీద పనికి తెచ్చుకున్న ప్లాస్టిక్‌ను గుర్తించే పద్ధతిని, దాని పరిమితులను తెలుపగలుగుతారు.

1. పరిచయం

ట్రాలీ బుష్ అరిగిపోతే కొత్తది కొనాలా, లేత్ మీద చేయించుకోవాలా? పత్తి, మిరప పండించే రైతుకు ఇది తరచూ ఎదురయ్యే ప్రశ్న. జవాబు పనివాడి నైపుణ్యాన్ని బట్టి ఉంటుందని మనం అనుకుంటాం. కాని చరిత్రను పరిశీలిస్తే అంతకు ముందే మరొక ప్రశ్న ఎదురవుతుంది. పనివాడి చేతికి అందిన సరుకు ఏది? ఒక ప్రాంతంలో ఏ భాగం తయారు కాగలదో చాలావరకు ఆ సరుకే నిర్ణయించింది.

2. ఊరి సరుకు: కర్ర, ఇనుము

ఎద్దుబండికి కావలసిన ముడిసరుకులో ఎక్కువ భాగం ఊరి పరిసరాల్లోనే దొరికేది. వడ్రంగి తుమ్మ వంటి గట్టి కర్రతో చక్రపు ఆకులు, పూటీలు చేసేవాడు. కమ్మరి చక్రానికి ఇనుప పట్టా బిగించేవాడు. ఇరుసు దగ్గర ఒరిపిడి తగ్గడానికి కందెన పూసేవారు. ఇనుము తప్ప తక్కిన సరుకు కోసం దూరపు బజారుకు వెళ్ళవలసిన అవసరం తక్కువ.

3. సాగర్ నీరు, యంత్ర వాహనాలు

నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ నీరు గుంటూరు ప్రాంతానికి, 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి 1972లో ప్రకాశం అని పేరు మారిన ప్రాంతానికి అందింది. వాణిజ్య పంటలతోపాటు ట్రాక్టర్లు, ట్రాలీలు, లారీలు పెరిగాయి. వాటి మరమ్మతు కోసం పట్టణాల్లో లేత్ షాపులు వచ్చాయి. పొరుగున విజయవాడలో ఆటోనగర్ పెద్ద కేంద్రంగా ఎదిగింది.

ఈ దశలో బుష్‌కు ముఖ్యమైన సరుకు గన్‌మెటల్. ఇది రాగి, తగరం, జింకు కలిసిన మిశ్రలోహం. అరిగిన బుష్‌ను కరిగించి మళ్ళీ పోతపోయవచ్చు. అందువల్ల పాత సామాను కూడా ముడిసరుకే అయింది.

4. ప్లాస్టిక్ ప్రవేశం

ప్లాస్టిక్ కనుగొన్న నాటికీ, అది చిన్న షాపుకు చేరిన నాటికీ మధ్య చాలా కాలం గడిచింది. బేక్‌లాండ్ 1907లో బేకలైట్‌ను రూపొందించాడు. డ్యూపాంట్ కంపెనీలో కరోథర్స్ బృందం 1935లో నైలాన్‌ను తయారుచేసింది. అదే కంపెనీ 1960లో డెల్రిన్ అనే ఎసిటాల్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది.

మన దేశంలో దిగుమతి లైసెన్సుల కాలంలో ఇటువంటి సరుకు సులభంగా దొరకలేదు. 1968లో మద్రాసులో సిపెట్ శిక్షణ సంస్థ, 1969లో వడోదర కేంద్రంగా ఐపీసీఎల్ ఏర్పడ్డాయి. 1991 తరువాత దిగుమతి ఆంక్షలు క్రమంగా సడలాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పెద్ద కర్మాగారం నుంచి ప్లాస్టిక్ సాధారణంగా గుళికల రూపంలో వస్తుంది. లేత్ పనివాడికి గుళికలతో పని లేదు. వాటిని మరొక పరిశ్రమ రాడ్‌గా, షీట్‌గా మార్చాలి. ఆ రాడ్‌ను ఒక వర్తకుడు కిలోల లెక్కన చిన్న ముక్కలుగానైనా అమ్మాలి. ఈ గొలుసు పూర్తయిన తరువాతే ఇంట్లో ఒకే ఒక్క బుష్ చేసుకోవడం వీలైంది.

5. సరుకును గుర్తించడం

తుమ్మ కర్రను చూసి గుర్తుపట్టవచ్చు. తెల్లని రాడ్లు నైలాన్, ఎసిటాల్, పాలిథీన్ ఏవైనా ఒకేలా కనిపిస్తాయి. వర్తకుడు అన్నింటినీ నైలాన్ అనే అమ్మవచ్చు. సాంద్రతను బట్టి వీటిని వేరుచేసే సులభమైన పరీక్ష ఉంది. ముక్కను మంచినీటిలో వేయండి. పాలిథీన్ తేలుతుంది, నైలాన్, ఎసిటాల్ మునుగుతాయి. తరువాత లీటరు నీటిలో సుమారు 350 గ్రాముల ఉప్పు కరిగించి, మునిగిన ముక్కలను అందులో వేయండి. నైలాన్ సాంద్రత సుమారు 1.14 కనుక తేలుతుంది. ఎసిటాల్ సాంద్రత సుమారు 1.41 కనుక మునుగుతుంది. గాజుపోగు కలిపిన నైలాన్ కూడా మునగవచ్చు కనుక ఈ పరీక్ష మామూలు రాడ్‌కే వర్తిస్తుంది. కాల్చి చూసే పద్ధతి మంచిది కాదు. ఎసిటాల్ కాలితే ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు వస్తుంది.

ఈ తేడా తెలియకపోతే నష్టం కలుగుతుంది. నైలాన్ తేమను పీల్చి ఉబ్బుతుంది. వేసవిలో ఖాళీ చాలా తక్కువగా ఉంచి తిప్పిన నైలాన్ బుష్ వానాకాలంలో షాఫ్ట్‌ను పట్టేయవచ్చు. ఎసిటాల్ పీల్చే తేమ చాలా తక్కువ.

పాత సామాను విషయంలో ముద్రలు ఉపయోగపడతాయి. 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకంతో మిరప పొలాల్లోకి పాలిథీన్ పైపులు మరింతగా వచ్చాయి. ఐఎస్ 14151 అన్న ముద్ర ఉంటే అది తుంపర సేద్యపు పాలిథీన్ పైపు. శాసనం చదివినట్లే దీనినీ చదవాలి. ఒరిపిడి ఆపే పలుచని ప్యాడ్‌కు ఆ ముక్క పనికిరావచ్చు.

6. పరిమితులు

సరుకు దొరికింది కదా అని ప్రతి భాగాన్నీ ఇంట్లో చేయరాదు. బ్రేకు, స్టీరింగ్ భాగాలు తెగితే పోయేది ప్రాణం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది.

7. సారాంశం

కర్ర ఊరి నుంచి, గన్‌మెటల్ పాత సామాను నుంచి, ప్లాస్టిక్ రాడ్ దూరపు కర్మాగారం నుంచి వచ్చాయి. సరుకు దూరమైన కొద్దీ దాని గుణం కంటికి కనిపించకుండా పోయింది. అందుకే నేటి పనివాడికి లేత్ తిప్పడంతోపాటు సరుకును పరీక్షించడమూ తెలియాలి. ఈ చరిత్రలో చాలా భాగం కాగితాల మీద లేదు. అరిగిన బుష్‌లే దానికి ఆధారాలు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. నైలాన్ కనుగొన్న వెంటనే చిన్న లేత్ షాపులకు ఎందుకు చేరలేదు?
2. ఉప్పునీటి పరీక్షలో నైలాన్, ఎసిటాల్ ఎలా వేరుపడతాయి?
3. మీ ఊరి లేత్ షాపును సందర్శించి, అక్కడి మూడు భాగాలు ఏ సరుకుతో చేసినవో, ఆ సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి.