కంపెనీ డబ్బుతో లారీ లైసెన్స్ తీసుకున్నాక వేరే కంపెనీకి మారాలంటే

ఐర్లండ్‌లో క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ మీద ఉన్న నర్సుల, ఐటీ ఉద్యోగుల భార్యాభర్తలకు స్టాంప్ 1జీ ముందునుంచే ఉంది. 2024 మే 15 నుంచి జనరల్ ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ ఉన్నవారి జీవిత భాగస్వాములకూ ఇస్తున్నారు. దీంతో వేరే పర్మిట్ లేకుండానే ఉద్యోగం చేసుకోవచ్చు. ఆ తర్వాత మా నేవన్‌లో మనవాళ్లు కొందరు లారీ డ్రైవింగ్ వైపు చూడటం మొదలుపెట్టారు. ఇక్కడి నుంచి ఎం3 ఎక్కితే డబ్లిన్, ఎన్51 మీద వెళ్తే స్లేన్ మీదుగా ద్రోగెడా. సరుకు రవాణా పనికి అనువైన ఊరు.

చిక్కు ఖర్చు దగ్గర వస్తుంది. పెద్ద ట్రెయిలర్ నడిపే సీఈ లైసెన్స్ దాకా వెళ్లాలంటే శిక్షణ, పరీక్షలు, లారీ అద్దె కలిపి కొన్ని వేల యూరోలు అవుతాయి. అందుకే కొన్ని కంపెనీలు ‘ఖర్చు మేం పెడతాం, రెండేళ్లు మా దగ్గర పనిచేయండి’ అంటాయి. మన భాషలో చెప్పాలంటే బాండ్. మధ్యలో మానేస్తే ఏమవుతుందన్నదే చాలామంది నన్నడిగే ప్రశ్న. నేనూ అలాగే లైసెన్స్ తీసుకుని, గడువు తీరకముందే వేరే కంపెనీకి మారినవాణ్ణి కాబట్టి తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. లైసెన్స్, డబ్బు, వీసా అనేవి మూడు వేర్వేరు విషయాలు. మనవాళ్లు మూడింటినీ కలిపేసుకుని, బాండ్ తెంచుకుంటే దేశం నుంచే పంపేస్తారేమోనని భయపడతారు. విడివిడిగా చూస్తే దేనికి ఎంత భయపడాలో తెలుస్తుంది.

లైసెన్స్ ఎవరిది?

ఖర్చు ఎవరు పెట్టినా లైసెన్స్ మీదే. భారత్ లైసెన్స్‌ను ఐర్లండ్ నేరుగా మార్చి ఇవ్వదు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ట్రెయిలర్ నడిపిన కరీంనగర్, నిజామాబాద్ అన్నలకూ ఇదే వర్తిస్తుంది. సౌదీ, యూఏఈ లైసెన్సులు కూడా మార్పిడి జాబితాలో లేవు. అందరూ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సిందే. ముందు కారుకు బీ, తర్వాత లారీకి సీ, ఆ తర్వాత ట్రెయిలర్‌కు సీఈ. లారీ లర్నర్ పర్మిట్‌కు వైద్య పరీక్ష నివేదిక కూడా ఇవ్వాలి.

జీతానికి లారీ నడపాలంటే డ్రైవర్ సీపీసీ కూడా ఉండాలి. ఇందులో నాలుగు మెట్లున్నాయి: థియరీ పరీక్ష, కేస్ స్టడీ పరీక్ష, డ్రైవింగ్ టెస్ట్, బండి తనిఖీ చేసి చూపించే సీపీసీ ప్రాక్టికల్. అది వచ్చాక ఏడాదికి ఒక రోజు, అంటే 7 గంటల చొప్పున, ఐదేళ్లలో 35 గంటల శిక్షణ పూర్తి చేస్తూ ఉండాలి. లైసెన్స్, సీపీసీ కార్డు, డిజిటల్ టాకోగ్రాఫ్ కార్డు అన్నీ వ్యక్తి పేరు మీదే వస్తాయి. మీతోపాటే కొత్త కంపెనీకి వస్తాయి.

మన దగ్గర బాండ్ అంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ బీరువాలో పెట్టుకోవడం మామూలే. ఇక్కడ అది చెల్లదు. పర్మిట్ మీద వచ్చిన ఉద్యోగి పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్స్, చదువు పత్రాల వంటివి యజమాని తన దగ్గర ఉంచుకోవడాన్ని ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ చట్టమే నిషేధించింది. పర్మిట్ దరఖాస్తు ఖర్చును, ఉద్యోగంలోకి తీసుకోవడానికి అయిన ఖర్చును జీతంలో కోసుకోవడం కూడా నిషిద్ధమే. దీన్ని శిక్షణ ఖర్చుతో కలిపి లెక్క చెబితే విడదీసి చూపమని అడగండి.

డబ్బు సంగతి

అసలు బంధం ఇక్కడ ఉంది. సంతకం పెట్టిన ఒప్పందానికి విలువ ఉంటుంది. అయితే యజమాని నోటికొచ్చిన అంకె చెప్పి చివరి జీతమంతా ఆపేయడానికి వీల్లేదు. 1991 నాటి పేమెంట్ ఆఫ్ వేజెస్ చట్టం ప్రకారం జీతంలో కోత పెట్టాలంటే చట్టం ఒప్పుకోవాలి, లేదా ఒప్పందంలో ఆ షరతు ఉండాలి, లేదా ముందుగా మీ రాతపూర్వక అంగీకారం ఉండాలి. ఉద్యోగానికి అవసరమై యజమాని సమకూర్చిన సేవకు కోత పెడితే, మీ జీతాన్ని దృష్టిలో పెట్టుకుని అది సమంజసంగా ఉండాలి. అసలు ఖర్చును మించకూడదు.

2022 డిసెంబర్‌లో మరో నియమం వచ్చింది. చట్టం ప్రకారం యజమాని తప్పనిసరిగా ఇవ్వాల్సిన శిక్షణ ఉద్యోగికి ఉచితంగా ఇవ్వాలి, ఆ సమయాన్ని పనిగంటలుగా లెక్కించాలి. బరువులు ఎత్తే పద్ధతి, డిపో భద్రత వంటి శిక్షణలు ఇందులోకి వస్తాయి. వాటి ఖర్చు బాండ్ లెక్కలో కలిపితే తీసేయమనండి. కానీ సీఈ లైసెన్స్, మొదటి సీపీసీ వృత్తి అర్హత కిందికి వస్తాయి. యజమాని వాటిని ఇచ్చి తీరాలని చట్టంలో గానీ సామూహిక ఒప్పందంలో గానీ లేకపోతే ఈ ఉచిత నియమం వాటికి వర్తించదు. ‘శిక్షణ అంతా ఫ్రీయే, ఒక్క యూరో కట్టక్కర్లేదు’ అని ఎవరైనా చెబితే సగమే నిజమన్నమాట.

న్యాయమైన బాండ్‌లో బాకీ నెలనెలా తగ్గుతూ రావాలి. ఉదాహరణకు 3,600 యూరోల ఖర్చు, 24 నెలల గడువు అనుకుందాం. నెలకు 150 తగ్గాలి. 14 నెలలు పనిచేసి మానేస్తే మిగిలేది 10 నెలలు, అంటే 1,500. ఇరవై మూడో నెలలో మానేసినా మొత్తం 3,600 కట్టాలని రాసి ఉంటే అది శిక్షణ ఖర్చు కాదు, జరిమానా. నిజమైన నష్టానికి అంచనాగా కాక భయపెట్టడానికి పెట్టిన మొత్తమైతే ఐరిష్ కోర్టులు దాన్ని అమలు చేయవు.

నా సంగతే చెబుతాను. మొదటి కంపెనీలో వారానికి నాలుగు రాత్రులు క్యాబ్‌లోనే పడక. మా ఆవిడకు ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు. ఇద్దరు చిన్నపిల్లలను ఎవరి దగ్గర వదలాలో తెలియని వారాలు గడిచాయి. సాయంత్రానికి ఇంటికి చేరే రూటున్న కంపెనీ దొరికితే నోటీసు ఇచ్చాను. చివరి జీతం మొత్తం పట్టుకుంటామన్నారు. ఏ షరతు కింద, ఏ రశీదుల ఆధారంగా అని ఈమెయిల్‌లో అడిగాను. వారం తర్వాత మిగిలిన నెలల లెక్కకే ఒప్పుకున్నారు. అది ఆరు వాయిదాల్లో కట్టేశాను. గొడవ లేదు, కోర్టు లేదు. నోటిమాట కాకుండా రాతలో అడగడం వల్లే అది సాధ్యమైంది.

మాట కుదరకపోతే వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు. అక్రమంగా కోత పడిన రోజు నుంచి 6 నెలల లోపు చేయాలి. సరైన కారణం చూపితే 12 నెలల దాకా పొడిగిస్తారు. నేవన్‌లో సిటిజన్స్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఉంది. ఒప్పందం పట్టుకెళ్తే ఉచితంగా వివరిస్తారు.

వీసా మాటేమిటి?

స్టాంప్ 1జీ, స్టాంప్ 4 ఉన్నవారి అనుమతి ఏ ఒక్క యజమానికీ కట్టుబడి లేదు. బాండ్ బాకీ ఉన్నంత మాత్రాన స్టాంప్ పోదు. అది రెండు పక్షాల మధ్య డబ్బు తగాదా మాత్రమే.

సొంత పర్మిట్ మీద డ్రైవర్‌గా ఉన్నవారు మాత్రం జాగ్రత్తపడాలి. 2024 సెప్టెంబర్ 2న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, మొదటి పర్మిట్ మీద 9 నెలలు పనిచేశాక అదే తరహా ఉద్యోగంలో యజమానిని మార్చుకోవడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆమోదం చేతికి రాకముందే పాత ఉద్యోగం వదలకూడదు, కొత్త లారీ ఎక్కకూడదు. ఇక్కడ తొందరపడితే నష్టపోయేది డబ్బు కాదు, నివాస హక్కు.

అమెరికాలో ఉన్న మన బంధువులు చెప్పే కథలు వేరు. అక్కడ పెద్ద ట్రక్ కంపెనీలే స్కూళ్లు నడుపుతాయి. తాము శిక్షణ ఇచ్చిన డ్రైవర్లను తీసుకున్నారంటూ సీఆర్ఎస్‌టీ సంస్థ స్విఫ్ట్ సంస్థ మీద కోర్టుకు వెళ్లింది కూడా. ఆ నియమాలు ఇక్కడ వర్తించవు. మీ ఒప్పందాన్ని ఐరిష్ చట్టంతోనే చూసుకోండి.

రాజీనామాకు ముందు

నోటీసు ఎన్నాళ్లో ఒప్పందంలో చూడండి. ఏమీ రాయకపోతే, 13 వారాలు నిండిన ఉద్యోగి కనీసం ఒక వారం నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇవ్వకుండా తాళం పడేసి రావడం మీ వాదనను బలహీనపరుస్తుంది.

టాకోగ్రాఫ్ రికార్డులు మరవకండి. 2024 డిసెంబర్ 31 నుంచి ఆ రోజుతోపాటు అంతకుముందు 56 రోజుల రికార్డులు డ్రైవర్ దగ్గర ఉండాలి. రోడ్డు మీద ఆపి అడిగితే ‘పాత కంపెనీలో ఉన్నాయి’ అంటే కుదరదు. మీ రికార్డుల నకలు అడిగితే కంపెనీ ఇవ్వాలి. రెండు ఉద్యోగాల మధ్య ఖాళీ రోజులనూ కార్డులో చేతితో నమోదు చేయాలి.

ఈ ఏడాది సీపీసీ శిక్షణ రోజు మీ పేరు మీద నమోదైందో లేదో చూసుకోండి. కొత్త కంపెనీ మిగిలిన బాకీ తాను కడతానంటే మంచిదే. కానీ దానికి బదులు మరో బాండ్ పెడుతోందేమో చదవండి.

సంతకానికి ముందు

ఇంకా చేరనివారు నాలుగు విషయాలు రాతలో అడగండి. మొత్తం ఖర్చు ఎంత, దేనికెంత? నెలనెలా ఎంత తగ్గుతుంది? పరీక్ష తప్పితే, లేదా కంపెనీయే తీసేస్తే బాకీ ఎవరిది? శిక్షణ రోజులకు జీతం ఉందా? ఉద్యోగంలో చేరిన 5 రోజుల్లో ముఖ్యమైన షరతులు, నెలలోపు మిగిలినవి యజమాని రాతపూర్వకంగా ఇవ్వాలన్నది ఇక్కడి నియమం. అడగడం అమర్యాద కాదు.

కంపెనీ మీమీద పెట్టిన ఖర్చులో న్యాయంగా మిగిలింది కట్టేయండి. అంతకుమించి అడిగితే మాత్రం లెక్క చూపమనండి. ఇష్టం లేని రూటులో మరో ఏడాది పిల్లలకు దూరంగా గడపడం కంటే, పది నెలల వాయిదా లెక్క చాలా చిన్నది.