నిరసనము - సాక్ష్యము

పూడూరు మండలమునకు చెందిన మా విద్యార్థి యొకడు రెండు వార్తాపత్రికలు తెచ్చి, ఒకదానిలో ‘నిరసన’ యనియు రెండవదానిలో ‘నిరశన’ యనియు నున్నది, ఏది సాధువని మమ్మడిగెను. రెండును సాధువులే, కాని వేరువేరు మాటలు. అశనమనగా భోజనము, అది మానుట నిరశనము. రెండవది విసరుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది, నిరసనమనగా త్రోసివేయుట. ఉపవాసమే తిరస్కారమునకు సాధనమైన కాలమున నీ రెండును జనుల నోట కలిసిపోయినవని మా యూహ.

ఆంగ్లములోని ప్రొటెస్టను మాటను మనము నిరసనయని తెలిగించుచున్నాము. వాడుకకు చాలును గాని, మూలార్థము జారిపోయినది. లాటినుభాషలో ‘ప్రో’ యనగా ముందుకు, బహిరంగముగా. ‘టెస్టారీ’ యనగా సాక్ష్యము పలుకుట. సాక్షికి ఆ భాషలో ‘టెస్టిస్’ అని పేరు. మూడవవాడుగా నిలిచినవాడని దాని మూలార్థమని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇద్దరు తగవులాడగా ప్రక్కన నిలిచినవాడన్నమాట. మన పాణిని సాక్షిశబ్దమును ప్రత్యక్షముగా చూచినవాడను నర్థమున సాధించెను. వారికి నిలుచుట ముఖ్యము, మనకు చూచుట ముఖ్యము.

1529లో జర్మనీలోని స్పయరు నగరమున సామ్రాజ్యసభ కూడినది. మూడేండ్లక్రితము మతవిషయమున నిచ్చిన సడలింపును అధికసంఖ్యాకులు రద్దుచేయగా, ఆరుగురు ప్రభువులును పదునాలుగు నగరములును అంతఃకరణవిషయమున సంఖ్యాబలము చెల్లదని వ్రాసియిచ్చిరి. ఫెర్డినాండు దానిని పుచ్చుకొన నొల్లడయ్యెను. ఐనను మాట నిలిచినది. ప్రొటెస్టెంటులను పేరు అందువలన వచ్చినదే.

వర్తకుల కీ మాట మరియొక విధముగా తెలియును. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము ప్రకారము, బిల్లు సొమ్ము చెల్లించుటకు ఒకడు నిరాకరించినచో నోటరీ యా సంగతిని ధ్రువపరచి యిచ్చు పత్రమునకు ప్రొటెస్టని పేరు. అందు కేకలు లేవు, జెండాలు లేవు. ఫలానివాడు ఫలానిదినమున కాదనెనని యొక్క మాట.

ఇంత దూరము పోయినది మా పూడూరు సంగతి చెప్పుటకే. ఇచ్చటి దామగుండపు అడవిలో సుమారు 2,900 ఎకరములు నౌకాదళమువారి కీయబడినవి. సముద్రగర్భమున సంచరించు జలాంతర్గాములకు సందేశములు పంపు రేడియో కేంద్రమును వారచ్చట నెలకొల్పుదురు. 2024 అక్టోబరు 15వ తేదీన రక్షణమంత్రి రాజనాథ్ సింగు శంకుస్థాపన చేసిరి. ఇట్టి కేంద్రము తమిళనాడులో తిరునల్వేలియొద్ద 1990 నుండియు నున్నది, ఇది రెండవది. దామగుండములో రామలింగేశ్వరుని గుడి యున్నది. అనతిదూరమున అనంతగిరి కొండలలో మూసీనది పుట్టుచున్నది. గ్రామస్థులును పర్యావరణవాదులును చెట్లనుగూర్చి, నీటినిగూర్చి, గుడిత్రోవనుగూర్చి అభ్యంతరములు చెప్పిరి.

దేశరక్షణ మక్కరలేదనువారము మేము కాము. కాని వీరు చెప్పినదానికి నిరసనయని శీర్షిక పెట్టినతోడనే, చదువరికి వీరు దేనినో త్రోసివేయవచ్చిన మూకవలె కనబడుదురు. ఏమి చెప్పిరో చూడగా చాలవరకు సాక్ష్యమే: ఇచ్చట నీ చెట్లున్నవి, ఈ నీరు ఫలానివైపు పారును, ఈ దారిన మా పెద్దలు నడచిరి. సాక్ష్యము విన్నపిమ్మట తీర్పు వేరుగా నుండవచ్చును. వినక తీర్పు చెప్పుట యే ధర్మాసనమునకును తగదు.

బాలుడింత విని, “మా తాత ఆ యడవికే పశువులను తోలుకొనిపోయెడివాడు. ఆయన సాక్షియగునా?” అని యడిగెను. అగునంటిమి. “అయితే పత్రికలో ఏ సకారము వ్రాయవలెను?” అనెను. అన్నము మానలేదు గనుక దంత్యసకారమే వ్రాయుమంటిమి.