చాకు పాతది, ఉక్కు కొత్తది: ఒక జేబు కత్తి వెనక 280 ఏళ్ల గొడవ

ఈ ఎపిసోడ్‌లో చాలా చిన్న వస్తువు గురించి మాట్లాడుకుందాం. మడత చాకు. మన తాతల జేబులో ఉండేదే. మామిడికాయ కోయడానికి, తాడు తెంపడానికి, పెన్సిల్ చెక్కడానికి వాడేవాళ్లు.

ఈ చాకుల పిచ్చి ఉన్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, నేనూ అందులో ఒకడినే. మా మధ్య ఎప్పుడూ తెగని గొడవ ఒకటుంది. చాకు చూస్తే వందేళ్ల కిందటి డిజైన్. ఎముకతో చేసిన పిడి, ఇత్తడి రేకులు, లోపల ఒక స్ప్రింగ్. తెరిస్తే టక్‌మని ఆగుతుంది, లాక్ ఏమీ ఉండదు. కానీ అలకు మాత్రం నిన్నమొన్న ల్యాబ్‌లో పుట్టిన ఖరీదైన స్టీల్ వేస్తున్నారు. కొందరు దీన్ని అద్భుతం అంటారు. ఇంకొందరేమో "ఇది సంప్రదాయమే కాదు, పాత కారుకి కొత్త ఇంజన్ పెట్టినట్టుంది" అంటారు.

ఎవరిది రైటు? దీనికి జవాబు చరిత్రలోనే ఉంది. ఆ చరిత్రలో మన తెలంగాణకి కూడా వాటా ఉంది.

ముందు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వెళ్దాం. కత్తులకి పేరుపడ్డ ఊరు. 1740లలో ఆ ఊరి దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాలు చేసే ఆయన ఉండేవాడు. గడియారం స్ప్రింగులకి మంచి ఉక్కు దొరకడం లేదని ఆయన బాధ. అప్పటి ఉక్కు ఒకచోట గట్టిగా, ఇంకోచోట మెత్తగా ఉండేది. ఆయన దాన్ని మట్టి మూసల్లో వేసి పూర్తిగా కరిగించాడు. కరిగితే అంతా కలిసిపోయి ఒకే రకంగా వస్తుంది కదా. అలా వచ్చింది మూస ఉక్కు.

మరి షెఫీల్డ్ కత్తుల పనివాళ్లు సంతోషించారా? లేదు. మరీ గట్టిగా ఉంది, సుత్తికి లొంగడం లేదు, మాకొద్దు అన్నారు. హంట్స్‌మన్ తన ఉక్కుని ఫ్రాన్స్‌కి అమ్ముకున్నాడు. ఆ ఉక్కుతో చేసిన ఫ్రెంచ్ కత్తులు ఇంగ్లండ్ మార్కెట్లోకి వచ్చాక గానీ వీళ్లు దారికి రాలేదని షెఫీల్డ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత ఏమైంది? ఆ "మాకొద్దు" అన్న ఉక్కే వందేళ్లకు పైగా షెఫీల్డ్ గర్వకారణం అయ్యింది.

అయితే మూసలో ఉక్కు కరిగించడం హంట్స్‌మన్ కంటే ఎన్నో శతాబ్దాల ముందే దక్షిణ భారతంలో ఉంది. దాన్నే ఇంగ్లీషువాళ్లు వూట్జ్ అన్నారు. ఈ మాట మన "ఉక్కు" లాంటి దక్షిణాది మాట నుంచే వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఈ పనికి పేరున్న ఊరు. అక్కడ రెండు రకాల ఇనుము కలిపి మూసల్లో ఉక్కు చేసేవాళ్లు. పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. హెన్రీ వాయ్‌సీ అనే ఆయన ఆ ఊరు వెళ్లి చూసి రాసిన వివరాలు 1832లో అచ్చయ్యాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1790లలో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే డాక్టర్ వూట్జ్ ముక్కలు కొన్ని లండన్‌కి పంపాడు, రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి. వాటిని పరీక్షించి జార్జ్ పియర్సన్ 1795లో ఒక వ్యాసం సమర్పించాడు. ఆ పరీక్షల్లో ఒకటేంటో తెలుసా? జేమ్స్ స్టోడార్ట్ అనే లండన్ కత్తుల పనివాడి చేత ఆ ఉక్కుతో ఒక చిన్న చాకు చేయించడం! అప్పట్లో ఈక కలాలు చెక్కుకునే చాకు అన్నమాట. అంచు బాగా సన్నగా వచ్చింది, మేలైన ఉక్కు చాకుతో సమానంగా కోసింది. స్టోడార్ట్‌కి ఈ ఉక్కు అంటే పిచ్చి పట్టుకుంది. తర్వాత మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలు చేసి 1820లో వ్యాసం రాశాడు. కరెంటు పాఠాల్లో మనం చదివే ఫారడేనే! ఆయన కమ్మరి కొడుకు కూడా.

అంటే చూడండి, పాత ఆకారం చాకుకి కొత్తగా దొరికిన గొప్ప స్టీల్ వేసి చూడాలనే ఉబలాటం ఇవాళ్టిది కాదు. 1795లోనే ఉంది.

మళ్లీ షెఫీల్డ్. 1913లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు అరిగిపోకుండా ఏం చేయాలా అని వెతుకుతూ, దాదాపు 13 శాతం క్రోమియం ఉన్న ఉక్కు తయారుచేశాడు. తుప్పు పట్టడం లేదు! కత్తులకి పనికొస్తుందన్నాడు. ఊళ్లో వాళ్లు ఏమన్నారు? కోయని కత్తులు కనిపెట్టినాయన అని వెక్కిరించారు. ఇవాళ మన ఇళ్లలో స్టీలు గిన్నె, స్టీలు చెంచా లేని వంటగది ఉందా?

1970ల మొదట్లో అమెరికాలో బాబ్ లవ్‌లెస్ అనే కత్తుల కళాకారుడు 154సీఎం అనే స్టీల్ వాడటం మొదలుపెట్టాడు. అది కత్తుల కోసం పుట్టిందే కాదు. తర్వాత వచ్చింది పౌడర్ పద్ధతి. కరిగిన ఉక్కుని గ్యాస్‌తో పిచికారీ కొట్టి పొడి చేస్తారు. ఆ పొడిని విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో మళ్లీ ముద్ద చేస్తారు. ఎందుకింత కష్టం? ఉక్కులో కార్బైడ్లు అని గట్టి రేణువులు ఉంటాయి. మామూలుగా పోతపోస్తే అవి పెద్దపెద్ద గుంపులుగా చేరి అంచుని పెళుసు చేస్తాయి. పొడి చేస్తే చిన్నగా, సమానంగా పరుచుకుంటాయి. 2001లో కత్తుల కోసమే ఇలా తయారైన ఎస్30వీ వచ్చింది. అందులో 14 శాతం క్రోమియం, 4 శాతం వెనేడియం. దాన్ని చేసిన కంపెనీ పేరు క్రూసిబుల్. అంటే మూస! ఇటలీలోని మానియాగోలో ఇవాళ ఎం390 లాంటి పౌడర్ స్టీల్‌తో పాత తరహా స్ప్రింగ్ చాకులు చేస్తున్నారు.

ఇంకో విషయం చెబితే ఆశ్చర్యపోతారు. 1990లలో వర్హోవెన్ అనే శాస్త్రవేత్త, పెండ్రే అనే కమ్మరి కలిసి పాత వూట్జ్ కత్తుల మీద అలల్లాంటి గీతలు ఎలా వచ్చాయో పరిశోధించారు. ముడి ఇనుములో అతి స్వల్పంగా ఉన్న వెనేడియం లాంటి మూలకాలే కారణమని తేల్చారు. ఎస్30వీలో కావాలని కలిపిన ఆ వెనేడియమే! పాత పనివాళ్లకి ఆ పేరు తెలీదు. కానీ ఏ ఇనుము మంచి ఉక్కు అవుతుందో చేతికి తెలుసు.

అలా అని కార్బన్ స్టీల్ అభిమానుల మాట కొట్టిపారేయలేం. వాళ్ల వాదనలో బలం ఉంది. 1095 అనే పాత స్టీల్ ఉంది, దాదాపు 0.95 శాతం కార్బన్, పెద్దగా ఇంకేం ఉండదు. మామూలు సానరాయి మీద నాలుగు సార్లు రుద్దితే పదును వచ్చేస్తుంది. వాడేకొద్దీ నీలంగా, బూడిదగా రంగు మారుతుంది. ఎవరి చాకుకి వాళ్ల రంగు. కొత్త స్టీళ్లు ఎక్కువ రోజులు పదును నిలుపుతాయి. కానీ ఒకసారి మొద్దుబారితే చాలావాటికి డైమండ్ రాయి ఉంటే తప్ప పని సులువుగా జరగదు. వీధిలో సాన పట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లి పని కానిచ్చే వస్తువు కాదది. తన వస్తువుని తానే బాగుచేసుకోగలగడం కూడా సంప్రదాయమే కదా.

నా మాట ఏంటంటే, చాకులో సంప్రదాయం ఉన్నది ఆకారంలో, స్ప్రింగ్‌లో, జేబులో ఒదిగే తీరులో. స్టీల్ మాత్రం ఎప్పుడూ ఆ రోజుకి దొరికిన కొత్తదే. ఇవాళ మనం పాతది అని ముద్దు చేసే మూస ఉక్కు కూడా ఒకప్పుడు వద్దు పొమ్మన్న కొత్త సరుకే. కాబట్టి పాత చాకులో కొత్త స్టీల్ చూసి కోప్పడక్కర్లేదు.

కోప్పడాల్సింది, కనీసం బాధపడాల్సింది వేరే ఉంది. హంట్స్‌మన్ పద్ధతి పుస్తకాల్లో ఉంది, బ్రియర్లీ లెక్కలు ఉన్నాయి, ఎస్30వీలో ఏమేం ఉన్నాయో ఫోన్‌లో వెతికితే దొరుకుతుంది. కోనసముద్రం మూసల్లో ఉక్కు వండిన వాళ్ల పేర్లు మాత్రం మనలో ఎవరికైనా తెలుసా? చౌకగా విదేశీ ఉక్కు వచ్చాక కొలుములు ఆరిపోయాయి. వాళ్ల విద్య గురించి మనం చదువుకునేది ఎక్కువగా బయటివాళ్లు రాసిపెట్టిందే.

మీ ఊళ్లో ఇంకా కొలిమి నడుస్తుంటే ఒక పని చేయండి. ఆ పెద్దాయన్ని అడిగి, ఆయన ఒప్పుకుంటే, పని చేసే తీరు మీ ఫోన్‌లో వీడియో తీయండి. ఏ ఇనుము ఎందుకు తీసుకుంటారు, నీళ్లలో ఎప్పుడు ముంచుతారు, రంగు చూసి వేడి ఎలా చెబుతారు, అన్నీ ఆయన మాటల్లోనే, ఆయన పేరుతో సహా రికార్డు చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.