కంటి అంచనానుండి కోత లెక్కకు

కృష్ణానదికి బెజవాడవద్ద 1855లో ఆనకట్ట పూర్తి అయిన తరువాత, పశ్చిమ డెల్టా కాలువల నీరు నేటి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పొలాలకు క్రమంగా చేరింది. అంతకు పాతికేళ్ళలోపుననే, 1832-33లో, గుంటూరు సీమ ఘోరమైన కరువును చూచి ఉన్నది. నీరు వచ్చి మాగాణి పెరిగిన కొద్దీ ప్రతి సంవత్సరమూ ఒక ప్రశ్న ఎదురయ్యేది: ఈ ఏడు పంట ఎంత? శిస్తు తగ్గింపుకు, ధాన్యం ధరకు, కరువు రాబోతున్నదా లేదా అని ముందుగా తెలుసుకొనడానికి ఆ ప్రశ్నకు జవాబు కావాలి. జవాబు చెప్పడానికి రెండు సంఖ్యలు చాలును. ఒకటి సాగు విస్తీర్ణం, రెండవది ఎకరానికి సగటు దిగుబడి.

మొదటి సంఖ్య విషయంలో చెన్నరాష్ట్రపు జిల్లాలు అదృష్టం చేసుకొన్నవనే చెప్పాలి. ఏ సర్వే నంబరులో ఏ పైరు ఎన్ని ఎకరాల ఎన్ని సెంట్లు ఉన్నదో గ్రామ కరణం అడంగలులో వ్రాసేవాడు. 1984లో కరణాల పదవులు రద్దయ్యేవరకు ఈ పద్ధతి నడిచింది. తరువాత ఇతర గ్రామోద్యోగులు ఆ పని చేపట్టారు. ఇటువంటి గ్రామలెక్కలు లేని బెంగాలువంటి చోట్ల విస్తీర్ణమే ఊహగా ఉండేది.

చిక్కంతా రెండవ సంఖ్యతోనే. దిగుబడిని కంటితో చూచి అణాలలో చెప్పేవారు. దీనికే అణావారీ అంచనా అని పేరు. పదహారణాల పంట అన్న మాట తెలుగులో ఇప్పటికీ నిలిచి ఉన్నది. కాని సాధారణమైన పంటకు ఒకచోట 16 అణాలు, మరొకచోట 12 అణాలు గుర్తుగా ఉండేవి. పైగా సాధారణమంటే ఏమిటి? రైతు మనస్సులో నిలిచేది బాగా పండిన సంవత్సరం. దానితో పోల్చితే ప్రతి పంటా తక్కువగానే కనబడుతుంది. శిస్తు తగ్గాలని రైతుకు ఉంటుంది. తన అంచనా తప్పితే మాట వస్తుందని ఉద్యోగికి భయం ఉంటుంది. విస్తీర్ణాన్ని సెంటువరకు కొలిచి, దానిని ఇటువంటి అణాలతో గుణించడం వింతైన పని. బంగారాన్ని తూచిన తరువాత దాని మెరుగును చీకటిలో చూచి ధర కట్టినట్లుంటుంది.

ఈ పద్ధతిని మార్చిన ప్రయత్నాలలో మొదట చెప్పదగినది బీహారు, ఒరిస్సాలలో సెటిల్మెంటు ఉద్యోగిగా పనిచేసిన జె. ఏ. హబ్బక్‌ది. ఆయన 1920ల దశకంలో వరిపొలాలలో చిన్నచిన్న ముక్కలు కోయించి తూయించాడు. ఏ ముక్కను కోయాలో మనిషి ఇష్టానికి వదలక, అదృష్టానికి వదలాలని పట్టుపట్టాడు. 1927లో ఈ పనిపై ఆయన నివేదిక వెలువడింది. 1936లో ఆయనే ఒరిస్సా రాష్ట్రానికి తొలి గవర్నరు అయినాడు. తరువాత కలకత్తాలో భారత గణాంకశాస్త్ర సంస్థ స్థాపకుడైన ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1937నుండి బెంగాలు జనుము పంటపై పెద్ద ఎత్తున నమూనా సర్వేలు జరిపించాడు.

అదృష్టానికి వదలడమంటే కళ్ళు మూసుకొని రాయి విసరడం కాదు. విసిరేవాని చెయ్యి కూడ ఒక వైపుకే మొగ్గుతుంది. అందుకు యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలు కావాలి. ఇంగ్లండులో ఎల్. హెచ్. సి. టిప్పెట్ 1927లో అటువంటి పట్టికను మొదటిసారిగా అచ్చువేశాడు. అందులో 41,600 అంకెలున్నవి. వాటిని ఆయన జనాభా లెక్కల నివేదికలనుండి ఏరి కూర్చాడు. ఒక లెక్కకోసం వ్రాసిన అంకెలు ఇంకొక లెక్కకు పనిముట్టు అయినవి.

రేపల్లె ప్రాంతపు గ్రామంలో కోత ప్రయోగం ఎట్లా సాగుతుందో చూడవచ్చును. సర్వే నంబర్లలో ఒకదానిని యాదృచ్ఛిక సంఖ్య చూపుతుంది. ఆ పొలపు నైరుతి మూలనుండి పొడవున ఎన్ని అడుగులు వేయాలో, వెడల్పున ఎన్ని వేయాలో మరి రెండు సంఖ్యలు చెపుతాయి. అక్కడ 5 మీటర్ల చదరాన్ని తాళ్ళతో గుర్తించి, లోపలి వరిని కోసి, నూర్చి, తూర్పారబట్టి తూస్తారు. ఎండిన తరువాత ఎంత తగ్గుతుందో కూడ లెక్కకట్టాలి. పొలంలో పైరు బాగున్న చోటును చూపడానికి రైతు ముందుకు వస్తే, ఉద్యోగి మర్యాదగా వద్దనవలసి ఉంటుంది. బాగాలేని చోటును చూపినా అంతే.

చదరం 25 చదరపు మీటర్లు. ఎకరంలో అటువంటివి సుమారు 162. ముక్కలో 10 కిలోలు వచ్చిందంటే ఎకరానికి సుమారు 1,620 కిలోలు, అనగా 75 కిలోల బస్తాలలో ఇరవై ఒకటిన్నర.

ముక్క ఇంకా చిన్నదైతే శ్రమ తగ్గును గదా అని విద్యార్థి అడుగుతాడు. ఇదే ప్రశ్నపై 1940ల దశకంలో పండితుల మధ్య గట్టి వాదమే నడిచింది. అప్పుడు కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలిలో ఉన్న పి. వి. సుఖాత్మే, చిన్న ముక్కలు దిగుబడిని ఎక్కువచేసి చూపుతాయని 1946లో ప్రకటించాడు. కారణం గీటుమీద ఉన్న దుబ్బులు. అవి లోపలివా, బయటివా అన్న సందేహం వచ్చినప్పుడు కోసే చెయ్యి వాటిని లోపలికే లాగుతుంది. నాలుగు వైపులా గీటు 5 సెంటీమీటర్లు బయటికి జరిగిందనుకొంటే, 1 మీటరు చదరం 1.1 మీటర్ల చదరం అవుతుంది. వైశాల్యం 1.21, తప్పు నూటికి 21. అదే 5 మీటర్ల చదరమైతే 5.1 మీటర్లు, వైశాల్యం 26.01, తప్పు నూటికి 4 మాత్రమే. ఎన్ని వందల ముక్కలు కోసినా ఈ తప్పు ఒకదానినొకటి కొట్టివేసుకొనదు. అన్నీ ఒకే వైపుకు తప్పుతాయి. అదృష్టంవల్ల వచ్చే తేడాకు, అలవాటువల్ల వచ్చే పక్షపాతానికి గల భేదం ఇక్కడ బాగా తెలుస్తుంది. మొదటిది సంఖ్య పెరిగితే తగ్గుతుంది, రెండవది తగ్గదు.

కోతల బరువులు చేతికి వచ్చిన తరువాత తరగతులుగా విభజించాలి. ఈ క్రింది అంకెలు అభ్యాసంకోసం కల్పించినవి. కాలువ మొదట ఉన్న మంచి మాగాణిలో 20, కాలువ చివర సముద్రంవైపు చవుటి నేలల్లో 20, మొత్తం 40 కోతలు తీసినట్లు భావించవచ్చును. ముక్కకు వచ్చిన ధాన్యం కిలోలలో:

2–4 : 4 కోతలు
4–6 : 9
6–8 : 4
8–10 : 2
10–12 : 6
12–14 : 11
14–16 : 4

తరగతి మధ్యవిలువలను పౌనఃపున్యాలతో గుణించి కూడితే 372. దానిని 40చే భాగిస్తే సగటు 9.3 కిలోలు, ఎకరానికి సుమారు 20 బస్తాలు. సమాధానం సరిపోయింది, మార్కులు కూడ వస్తాయి. కాని సోపాన చిత్రం గీచి చూడాలి. 4–6 దగ్గర ఒక గుట్ట, 12–14 దగ్గర మరొక గుట్ట లేస్తాయి. సగటు ఆ రెంటి నడుమ లోయలో, కేవలం 2 కోతలున్న 8–10 తరగతిలో పడుతుంది. ఎకరానికి 20 బస్తాలు పండించిన రైతు దాదాపు ఎవడూ లేడన్నమాట! సంచిత పౌనఃపున్యాలతో మధ్యగతం కడితే 10.33 వస్తుంది. బాహుళకం 12.83. మూడు కొలతలు ఇట్లా మూడు వైపులకు చెదరినప్పుడు దత్తాంశంలో రెండు జాతులు కలిసినవేమో అని అనుమానించాలి.

తరగతి వెడల్పు 8 కిలోలు చేసి 0–8, 8–16 అని రెండే గదులు పెడితే పౌనఃపున్యాలు 17, 23 అవుతాయి. గుట్టలు మాయమవుతాయి, సగటు కూడ 8.6కు జారుతుంది. పొలం మారలేదు, ధాన్యం మారలేదు, గీతలు మారినవి. సోపాన చిత్రానికి ఆంగ్లంలో పేరు పెట్టిన కార్ల్ పియర్సన్, ఓజివ్ వక్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన గాల్టన్, ఇద్దరూ 19వ శతాబ్దం చివర ఈ చిత్రాలను వాడారు. పాఠశాలలో చిత్రం గీయడం మార్కులకోసమైపోయింది గాని, అది లెక్కకు ముందు చేయవలసిన పని.

రెండు భాగాలను విడదీస్తే చివరి పొలాల సగటు 5.7 కిలోలు, అనగా ఎకరానికి 12 బస్తాల పైచిలుకు; మొదటి పొలాలది 12.9, సుమారు 28 బస్తాలు. ఇట్లా భాగాలుగా విడదీసి నమూనా తీయడాన్ని స్తరీకరణ అంటారు. చవుటి భాగం మొత్తం సాగులో మూడవ వంతే అయితే, సగటును విస్తీర్ణం ప్రకారం తూచాలి: 5.7లో మూడవ వంతు, 12.9లో మూడింట రెండు వంతులు కలిపితే 10.5. కరణం వ్రాసిన అడంగలు ఇక్కడ మళ్ళీ పనికివస్తుంది.

ఇది పుస్తకాలలోని మాట మాత్రమే కాదు. 1977 నవంబరు 19న కోస్తాను తాకిన తుపాను, ఉప్పెన దివిసీమను ముంచి, రేపల్లె, బాపట్ల తీరాలను కూడ దెబ్బతీసినవి. అధికారుల లెక్క ప్రకారమే సుమారు 10 వేలమంది మరణించారు. డెల్టాలో సార్వా వరి కోతకు వచ్చే కాలమది. అటువంటి ఏడాది తీరపు పొలాన్ని, లోపలి పొలాన్ని ఒకే సగటులో కలిపితే నష్టం కనబడదు. దేశంలో 1985లో సమగ్ర పంటల బీమా పథకం వచ్చింది. అప్పటినుండి పరిహారం ఒక రైతు పొలాన్ని బట్టి గాక, ప్రాంతపు సగటు దిగుబడి నిర్ణీత స్థాయికంటె తగ్గిందా అన్నదానిని బట్టి నడుస్తున్నది. పై ఉదాహరణలో ఆ స్థాయి 18 బస్తాలైతే, 12 బస్తాల రైతుకు ఏమీ రాదు. ప్రాంతపు సగటు 20 గదా! అందుకే ప్రాంతాన్ని చిన్నది చేయాలన్న కోరిక పుట్టింది. 2016 నాటి ఫసల్ బీమా పథకంలో ప్రధాన పంటలకు గ్రామ పంచాయతీ యూనిట్ అయింది. అక్కడ కనీసం 4 కోతలు తీయాలి.

నాలుగు చాలునా? గ్రామంలో మూడవ వంతు దెబ్బతిన్న నేల అనుకొందాము. ఒక కోత మంచి నేలలో పడే సంభావ్యత 2/3. రెండు కోతలూ మంచి నేలలోనే పడే సంభావ్యత 4/9, దాదాపు సగం. నాలుగూ మంచి నేలలోనే పడేది 16/81, అనగా ఐదింట ఒక వంతు. అంటే అటువంటి గ్రామాలు ఐదు ఉంటే, వాటిలో సగటున ఒకదానిలో దెబ్బతిన్న పొలం కొడవలి కంటికి కనబడనే కనబడదు. యూనిట్ చిన్నదైతే రెండు గుట్టలు కలిసిపోవడం తగ్గుతుంది గాని, కోతలు తక్కువై అదృష్టం బలపడుతుంది. ఈ రెంటికీ మధ్య బేరం ఇంకా నడుస్తూనే ఉన్నది.

ఎన్ని పరిశీలనలతో ఎంత నిర్దుష్టంగా చెప్పగలమన్న ఈ ప్రశ్నకు సిద్ధాంతంలో హద్దు గీచినవాడు తెలుగువాడే. కల్యంపూడి రాధాకృష్ణారావు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదువుకొని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ముగించి కలకత్తాలో మహలనోబిస్ సంస్థలో చేరాడు. 1945లో, ఇరవై ఐదేళ్ళ వయసులో, ఏ అంచనా అయినా ఇంతకంటె నిర్దుష్టం కాజాలదన్న అవధిని చూపాడు. 2023లో ఆయన మరణించాడు.

అదే 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల స్థాపితమైనది. అక్కడి పరిశోధనలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, బి.పి.టి. 5204, ఈనాడు ఆంధ్రదేశంలో తెలియని ఇల్లు లేదు. కొత్త వంగడం పాతదానికంటె ఎక్కువ పండుతుందా అని తేల్చడంలోను ఇవే యాదృచ్ఛిక సంఖ్యలు, ఇవే చిన్న మడులు.

ఈ ప్రాంతపు దిగుబడుల వరుసను తరగతిలో గీయించదలచిన ఉపాధ్యాయునికి ఒక జాగ్రత్త అవసరం. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. 1970లో ఒంగోలు ప్రాంతం విడిపోయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలో చేరగా తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. ఆ సంవత్సరాలలో రేఖ హఠాత్తుగా పైకో క్రిందికో దూకితే, పంటను చూచే ముందు సరిహద్దును చూడాలి.